హైస్కూల్లో తరగతికో చెత్తబుట్ట ఉండాలా, అన్నీ తీసేయాలా?

గోదారి_హెచ్చెమ్
ఆరు నుంచి పది వరకు 400 మంది పిల్లలున్న జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కన చెబుతున్నానండి. తరగతి గదుల్లో డస్ట్‌బిన్లన్నీ తీసేయాలి. పద్నాలుగు గదుల్లో పద్నాలుగు బుట్టలు పెడితే చెత్త పద్నాలుగు చోట్ల పేరుకుంటుంది, రోజూ ఖాళీ చేసే మనిషి ఒక్కరూ ఉండరు. ఇంటర్వెల్‌కే నిండిపోతుంది. మధ్యాహ్నం మిగిలిన అన్నం, గుడ్డు పెంకులు కూడా అందులోనే పడతాయి. శనివారం తాళం వేసి సోమవారం తీస్తే గదంతా పులిసిన వాసన, బెంచీల కింద చీమల బారు.

నా పద్ధతి ఇది. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర మూడు డ్రమ్ములు. ఒకటి ఎంగిలికి, ఒకటి కాగితాలకు, ఒకటి కవర్లకు. గదిలో పుట్టిన చెత్త జేబులో పెట్టుకుని బెల్లు కొట్టాక అక్కడికే తెచ్చి వెయ్యాలి. ఖాళీ చెయ్యాల్సింది ఒక్క చోటే, చూడాల్సింది ఒక్క చోటే. ఎవరికైనా అభ్యంతరమా?

జీవశాస్త్రం_కర్నూలు
అభ్యంతరమే సార్. బుట్ట తీసేస్తే చెత్త మాయం కాదు, చోటు మారుతుంది. మన దగ్గర వారానికి మూడు రోజులు చిక్కీ ఇస్తున్నాం. 400 మందికి వారానికి 1,200 కవర్లు. బుట్ట లేని గదిలో పిల్లవాడు కవర్‌ని నాలుగు మడతలు పెట్టి కిటికీ ఊచకీ చెక్కకీ మధ్య సందులో దోపుతాడు. లేకపోతే బెంచీ అర వెనక్కి తోస్తాడు. పైకి గది శుభ్రంగానే కనిపిస్తుంది. తొలి వర్షానికి వరండా తూము మూసుకుపోయినప్పుడు ఆ కవర్లన్నీ బయటపడతాయి.

ఎంగిలి గదిలో పడటానికి కారణం బుట్ట కాదు, అన్నం గదిలో తినడం. తినే చోటు మార్చండి. గదిలో పొడి చెత్తకు మాత్రమే మూతలేని చిన్న బుట్ట ఉంచండి. మూత ఉంటే చేత్తో ఎత్తాలని పిల్లలు పక్కనే పడేస్తారు.

పీడీ_పల్నాడు
గ్రౌండ్ సంగతి ఎవరూ చెప్పరేం? గదుల కంటే గ్రౌండే ఘోరం.

ఎరువుల_రైతు
ఇద్దరూ ఎంగిలి దగ్గర తప్పుతున్నారు. తడి చెత్త బడి దాటి బయటికి పోకూడదు. 5,000 చదరపు మీటర్లు మించిన సంస్థలు వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టు చేసుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉండేది. పల్లెల్లో గ్రౌండున్న హైస్కూళ్లు చాలావరకు ఆ లెక్కలోకి వచ్చేవి.

గొయ్యి తవ్వకండి. వానాకాలం నీళ్లు నిండి మురుగుగుంట అవుతుంది. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తీసుకోండి. చుట్టూ జానెడు దూరానికొకటి చొప్పున చిటికెన వేలు దూరేంత రంధ్రాలు వేయించండి. అడుగున కూడా ఐదారు. ఇటుకల మీద నిలబెట్టండి. కింద అరడుగు ఎండాకు, దాని మీద ఒక బకెట్ ఎంగిలికి రెండు మూడు బకెట్ల ఎండాకు, పైన దోసెడు పాత పశువుల ఎరువు. వారానికి రెండుసార్లు గునపంతో కదపాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. నీళ్లు కారితే ఆకు తక్కువైనట్టు, ముద్ద కట్టకుండా రాలిపోతే నీళ్లు చిలకరించాలి.

బడుల్లో ఇది ఎక్కడ చెడుతుందంటే, అన్నం ఎక్కువ, ఆకు తక్కువ. అన్నం ముద్దకట్టి గాలి ఆడదు, పులుస్తుంది, పురుగు పడుతుంది. అప్పుడు "కంపోస్టు వాసనొస్తోంది" అని మూసేస్తారు. వానపాములైతే మొదటి రోజే వేస్తారు. ఉప్పు కలిసిన సాంబారన్నంలో, పైగా కుళ్లేటప్పుడు పుట్టే వేడిలో అవి బతకవు. మూడు నాలుగు వారాలు గడిచి, చెయ్యి పెడితే చల్లగా తగిలినప్పుడే వెయ్యాలి.

గోదారి_హెచ్చెమ్
రైతు గారూ, అన్నిటికన్నా ఎండాకే కష్టం. జులైలో ఎక్కడ తెస్తామండీ?

ఎరువుల_రైతు
ఫిబ్రవరి, మార్చిలో మీ బళ్లో వేప, బాదం రాలుస్తాయిగా. అది గోతాల్లో కుక్కి సైకిల్ షెడ్డులో దాచండి. ఇరవై ముప్ఫై గోతాలైనా కావాలి. బళ్లలో ఆ ఆకును పోగేసి పొద్దున్నే అంటిస్తారు. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, జులైలో బంగారమయ్యే సరుకును మార్చిలో బూడిద చేస్తున్నారు.

గుడ్డు పెంకులు విడిగా తీయించండి. పెంకు ఒక్కటి ఆరు గ్రాములనుకున్నా 400 గుడ్లకు రోజుకు దాదాపు రెండున్నర కిలోలు. నలగ్గొట్టకుండా వేస్తే ఆరు నెలలైనా పెంకులాగే ఉంటుంది.

జీవశాస్త్రం_కర్నూలు
కంపోస్టు బాగానే ఉంది. నేనడిగింది బుట్టల గురించి. హెచ్చెమ్ గారూ, బాలికల టాయిలెట్లో బుట్ట కూడా తీసేస్తారా?

గోదారి_హెచ్చెమ్
అన్నీ అంటే అన్నీ. అక్కడ ప్యాడ్లు కాల్చే ఇన్సినరేటర్ ఉంది కదండీ.

జీవశాస్త్రం_కర్నూలు
ఆ గోడకు బిగించిన చిన్న డబ్బా గురించేనా? అది చాలా బళ్లలో ఏడాది తిరక్కుండానే మూలపడుతుంది. కారణాలు చెబుతా. ఒకేసారి నాలుగైదు ప్యాడ్లు వేసి స్విచ్ నొక్కుతారు. తడి ఎక్కువై కాలవు, కాయిల్ పోతుంది. బూడిద ట్రే ఎవరూ తీయరు. పొగ గొట్టం కప్పు దాటించకుండా గోడ బయటే వదిలేస్తారు, ఆ పొగ పక్క తరగతిలోకి వస్తుంది. అది బాగా పనిచేసినా ప్యాడ్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర, లోపలి జెల్లు ప్రమాదం లేకుండా కాలాలంటే 800 డిగ్రీలు దాటాలి. ఈ చిన్న వాటికి అంత వేడి రాదు.

డబ్బా పనిచేయక, బుట్టా లేక, అమ్మాయి ఏం చేస్తుంది? బేసిన్‌లో వేసి నీళ్లు పోస్తుంది. జెల్లు ఉబ్బి మలుపులో బిగుసుకుంటుంది. రెండు బేసిన్లు మూసుకుపోతే ఇంటర్వెల్‌లో లైను పెరిగి, అమ్మాయిలు పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. నెలకు మూడు రోజులు బడికే రారు. అందుకే ప్రతి టాయిలెట్లో కాలితో తెరిచే మూత బుట్ట, పక్కన మేకుకి పాత న్యూస్‌పేపర్ ముక్కలు. చుట్టిన ప్యాడ్ మీద ఎర్ర చుక్క పెట్టి పంచాయతీ బండికి విడిగా ఇవ్వాలి. దీని మీద నేను రాజీపడను.

పీడీ_పల్నాడు
మేడమ్ చెప్పింది న్యాయం. బాలికల టాయిలెట్ మినహాయించండి సార్.

అనంత_అమ్మ
స్కూల్ కమిటీలో ఉన్నాను. గేటు ఎదురుగా బడ్డీ కొట్లు ఉన్నంతకాలం లోపల ఎన్ని బుట్టలు పెట్టినా అంతే. ఉప్పు, చక్కెర, నూనె ఎక్కువున్న తిండి బడికి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన పెట్టింది. మా దగ్గర 5 మీటర్లలో అమ్ముతున్నారు. ఎవరికి చెప్పినా కదలరు.

పాలమూరు_ఎస్‌ఏ
పాత సామాన్ల కొట్టువాళ్లు కాగితం, అట్టపెట్టె, నీళ్ల సీసా కొంటరు. చిక్కీ కవరు, చిప్స్ ప్యాకెట్ ఎవ్వరూ కొనరు, దాంట్ల పొరలు అతుక్కొని ఉంటయి. అందుకే కాగితం, కవర్లు ఒక్క డ్రమ్ముల కలవొద్దు. కలిస్తే కాగితానికి కూడా పైసలు రావు. ఇంకోటి, సైన్స్ ఫేర్ కోసం అలంకరణకు థర్మకోల్ తెప్పిస్తున్నరు, ఆగస్టు 15కి ప్లాస్టిక్ జెండాలు తెప్పిస్తున్నరు. రెండూ 2022 జులై 1 నుంచే నిషేధం. తెచ్చేది మనమే, పిల్లల్ని తిట్టేది మనమే.

గోదారి_హెచ్చెమ్
సరే, బాలికల టాయిలెట్ మినహాయిస్తాను. మిగతా బుట్టల మాట అలాగే ఉంది. డబ్బు లెక్క చూడండి. 251 నుంచి 1,000 మంది ఉన్న బడికి ఖర్చుల కోసం ప్రభుత్వమిచ్చే కాంపోజిట్ గ్రాంట్ ఏడాదికి 75,000. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు. అంటే 7,500. చీపుర్లు, ఫినాయిలు, బ్లీచింగ్ అన్నీ అందులోంచే. ఆయాకు నెలకు 6,000 ఇస్తున్నది టాయిలెట్ల కోసం. పద్నాలుగు బుట్టలు ఎవరు మొయ్యాలి?

పిల్లలే మొయ్యాలి. అందులో తప్పేమీ లేదు. తమ గది తాము ఊడ్చుకోవడం చదువులో భాగమే.

అనంత_అమ్మ
ఏ పిల్లలు సార్?

గోదారి_హెచ్చెమ్
పిల్లలంటే పిల్లలేనండి.

అనంత_అమ్మ
కాదు. తొమ్మిదో తరగతి గది ఊడ్చేది అమ్మాయిలు. అబ్బాయిలు నీళ్లు తెస్తారు, బోర్డు తుడుస్తారు. డ్రమ్ము ఎత్తి బండిలో పోసే పని ఎప్పుడూ కాలనీ పిల్లలకే పడుతుంది. "వాడు బాగా చేస్తాడు" అంటారు. ఎందుకు బాగా చేస్తాడని ఎవరూ అడగరు. బుట్టలు ఎన్ని అన్న లెక్క మీరు వారం చేయండి, చేతులు ఎవరివి అన్న లెక్క ఒక్కసారి చేయండి.

గోదారి_హెచ్చెమ్
నా మీద కులం మాట తేవద్దమ్మా. చెత్త గురించి మొదలెట్టిన చర్చ ఇది. మా బళ్లో అలాంటిది లేదు.

అనంత_అమ్మ
మీ బడి అన్లేదు. జాబితా ఉందా మీ దగ్గర? ఏ రోజు ఎవరు, ఏ పని? కాగితం మీద ఉందా, క్లాస్ టీచర్ నోటి మాటేనా?

పీడీ_పల్నాడు
ఇద్దరూ కాస్త ఆగండి.

జీవశాస్త్రం_కర్నూలు
ఆగాల్సిన పని లేదు, అసలు విషయం ఇప్పుడే వచ్చింది. 2023 డిసెంబర్‌లో కర్ణాటక మాలూరు దగ్గర ఒక గురుకులంలో దళిత పిల్లలను సెప్టిక్ గుంటలోకి దింపారు, ప్రిన్సిపాల్ అరెస్టయ్యారు. నోటి మాట మీద పని నడిచే చోట ఏ పని ఎవరి నెత్తిన పడుతుందో దానికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

నేను బుట్టలు కావాలంటున్నదీ ఇందుకే, ఇంతవరకు సరిగ్గా చెప్పలేకపోయాను. తరగతికో చిన్న బుట్ట ఉంటే బరువు కిలో లోపే, ఎవరైనా తీసుకెళ్లి పోసి రావచ్చు. మీరు చెప్పిన మూడు పెద్ద డ్రమ్ములైతే ఎంగిలి నిండాక యాభై అరవై కిలోలు. అది ఎత్తడానికి ఒక "గట్టి పిల్లవాణ్ణి" వెతుకుతారు. ప్రతిసారీ వాడే.

ఎరువుల_రైతు
ఈ బరువు మాట నిజమే. ఎంగిలి డ్రమ్ము నిండనివ్వకూడదు. 20 లీటర్ల బకెట్లు పెట్టండి, సగం వరకే. రోజూ తిండి అయిన అరగంటలో కంపోస్టులో పడిపోవాలి.

పాలమూరు_ఎస్‌ఏ
మా తెలంగాణల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పారిశుద్ధ్యానికి నెలకు 3,000 నుంచి 20,000 దాకా ఇస్తున్నరు, పిల్లల సంఖ్యను బట్టి. మనిషిని పెట్టుకోవచ్చు. పిల్లలు చెయ్యకూడదని నేను అనను. పైసలిచ్చి మనిషిని పెట్టినంక కూడా పిల్లలతోని చేయిస్తే మాత్రం అడగాలె.

గోదారి_హెచ్చెమ్
రాత్రి మళ్లీ చదివానండి. అమ్మా, జాబితా లేదు. క్లాస్ టీచర్ చెప్పినట్టే జరుగుతోంది. ఎవరు చేస్తున్నారో నేను రాసి చూడలేదు.

రోల్ నంబర్ వరసన వేస్తాను. రోజుకు నలుగురు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే, నలుగురికీ అన్ని పనులూ తిరిగేలా. పొడుగు కర్ర చీపుర్లు, రబ్బరు గ్లౌజులు, కవర్లు ఏరడానికి పొడుగు పట్టకార్లు కొంటాం. టాయిలెట్, సెప్టిక్ ట్యాంకు, ప్యాడ్ల బుట్ట పిల్లల జోలికి రావు, అవి ఆయా పనే, ఆమెకు గ్లౌజులు విడిగా. ఎంగిలి బకెట్లు సగమే. తరగతి బుట్టల మాట మాత్రం ఇంకా ఒప్పుకోను మేడమ్. ఆరో తరగతి రెండు సెక్షన్లలో ఒకదాంట్లో పెడతాను, ఒకదాంట్లో తీసేస్తాను. నెల తర్వాత బెంచీ అరలు, కిటికీ సందులు తీసి కవర్లు లెక్కపెడదాం.

జీవశాస్త్రం_కర్నూలు
లెక్కపెట్టేది చిక్కీ ఇచ్చిన మర్నాడు కావాలి సార్. మామూలు రోజు చూస్తే రెండు గదులూ ఒకేలా ఉంటాయి.

అనంత_అమ్మ
జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేటప్పుడు టీచర్ల పేర్లు కూడా అందులోనే రాయండి సార్. వేరే కాగితం మీద వద్దు.