ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు: ఏ దేశం వాళ్లు ఎట్టా పలుకుతారు, మనం ఎట్టా చెప్పాలి?

కోవూరు సెంటర్:
నెల్లూరు రొయ్యలైనా చీమకుర్తి గ్రానైటైనా, బయటి దేశాలకు పంపే ఆఫీసుల్లో కంటైనర్ నంబరు, బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడు ఫోన్లో చెప్పే పని తప్పదు. మెయిల్ పెట్టినా "ఒకసారి చదవండి" అంటారు. అక్షరం ఒకటే అయినా పేరు దేశానికొక రకంగా పలుకుతుండారు. ఎవరి నోట ఏది ఎట్టా వస్తుందో, మనం చెప్పేది వాళ్లకెట్టా వినపడుతుందో తెలిసినవాళ్లు రాయండి. కొత్తగా చేరే పిల్లలకు పనికొస్తుంది.

ట్రంకురోడ్డు:
చివరి అక్షరంతో మొదలుపెడతా. ఇంగ్లండు, ఐర్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, మనమూ అందరం 'జెడ్'. అమెరికా వాళ్లు మాత్రం 'జీ'. కెనడాలో బళ్లో నేర్పేది జెడ్డే, కానీ పక్కదేశం టీవీ చూసే పిల్లల నోట జీ వస్తుంది, పెద్దయ్యాక చాలామంది మళ్లీ జెడ్ అంటారు.

అమెరికా వాళ్లతో మాట్లాడుతున్నామని మనమూ 'జీ' అనకూడదు. మన 'జ'కి నాలుక అంగిలికి తగులుతుంది, కాబట్టి వాళ్లకది ఏడో అక్షరంగా వినపడుతుంది. రాసుకునేదీ అదే. 'స' అని సాగదీస్తూ గొంతు కలిపితే అసలు శబ్దం వస్తుంది, అందులో నాలుక అంగిలికి తగలదు. అది నోటికి పట్టేదాకా, ఆ అక్షరానికి విమానాల వాళ్లు వాడే మాట చేర్చి "జెడ్, జులు" అని రెండూ కలిపి చెప్పండి. ఏ దేశం వాళ్లకైనా అర్థమవుతుంది.

రాపూరు వేణు:
దానికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది మన 'య'. మనం యఫ్, యల్, యమ్, యన్, యస్ అంటాం. ఇందులో 'యస్' అవతలివాళ్లకు 'అవును' అని వినపడుతుంది. వాళ్లు అక్షరం రాసుకోరు, తర్వాతది చెప్పమని కాచుకుంటారు. కోడులో ఒక అక్షరం తగ్గేది ఇందుకే. నోరు తెరిచి 'ఎస్' అని మొదలుపెట్టాలి. అట్టాగే 'వో' కాదు, 'ఓ'.

ఒంగోలు కర్నూలురోడ్డు:
వేణు అన్న చెప్పినదానికి స్టేట్ బ్యాంకు స్విఫ్ట్ కోడే సాక్ష్యం. మొదటి ఎనిమిది అక్షరాలు ఎస్ బీ ఐ ఎన్ ఐ ఎన్ బీ బీ. మన ధాటిలో చెబితే అవతల "అవును, డీ, ఐ, ఎమ్, ఐ, ఎమ్, డీ, డీ" అని పడే ప్రమాదం ఉంది. బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అన్నిటి చివరా ఒకే 'ఈ'. తేడా అంతా మొదటి క్షణంలోనే, అది గాలిలో పోతే ఇంకేం మిగలదు. ఎమ్, ఎన్‌లకు తేడా పెదవి మూయడంలో ఉంది, ఫోన్లో పెదవి కనపడదు గదా. పైగా మామూలు ఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. 'స'లో ఉండే సన్నటి రొద చాలావరకు ఆ పైన ఉంటుంది, అందుకే ఎఫ్, ఎస్ కలిసిపోతాయి. వాట్సాప్ కాల్‌లో ఇది కొంత నయం.

ఆ కోడును అక్షరానికొక మాటతో ఇట్టా చెప్పాలి: సియెర్రా, బ్రావో, ఇండియా, నవంబర్, ఇండియా, నవంబర్, బ్రావో, బ్రావో. నాలుగు చెప్పి ఆగండి, వాళ్లు తిరిగి చదివాక మిగతా నాలుగు.

గూడూరు రమణి:
ఆస్ట్రేలియా, ఐర్లండు, స్కాట్లండు సంగతి ఎవరైనా చెప్పండయ్యా.

ట్రంకురోడ్డు:
రమణమ్మా, ఆస్ట్రేలియా వాళ్ల 'ఏ' మన చెవికి 'ఆయ్'లాగా తగులుతుంది. మనవాళ్లు 'ఐ' రాసేస్తారు. అడిగి తీరాల్సిన అక్షరం అది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా వాళ్లు 'ఆర్' అంటే చివర 'ర' ఉండదు, ఒట్టి 'ఆ'. అమెరికాలో 'ర' నాలుక మడిచి గట్టిగా పలుకుతారు. ఐర్లండులో అదే 'ఓర్'. స్కాట్లండు పాతతరం 'జే'ని 'జై' అంటారు, 'ఐ'తో ప్రాస. న్యూజిలాండ్‌లో ఎస్, ఎఫ్ ఇంచుమించు 'ఇస్, ఇఫ్'. అమెరికా దక్షిణాన ఎమ్, ఎన్ మాత్రమే 'ఇమ్, ఇన్'. టెక్సాస్ వైపు డబ్ల్యూ 'డబ్యా' అయిపోతుంది.

మనం 'హెచ్' అంటాం గదా, ఇంగ్లండు, అమెరికా నిఘంటువుల ప్రకారం 'ఏచ్'. మనలాగా 'హ'తో పలికేవాళ్లు ఐర్లండులో ఎక్కువ. ఉత్తర ఐర్లండులో అయితే ఆ ఒక్క అక్షరంతో మనిషి మతం పోల్చేస్తారు: కాథలిక్కులు 'హెయ్‌చ్', ప్రొటెస్టెంట్లు 'ఏచ్'. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు దీని మీద నవ్వులాట పెట్టుకోవద్దు. మన 'హెచ్' మార్చుకోనక్కర్లేదు, అందరికీ అర్థమవుతుంది.

కోవూరు సెంటర్:
'డబుల్' వాడటం మీద?

రాపూరు వేణు:
వాడొద్దు. 'డబుల్ బీ' ఇంగ్లండు వాళ్లకు అలవాటే, అమెరికా వాళ్లకు కాదు. 'యూ' రెండుసార్లు వచ్చినచోట 'డబుల్ యూ' అంటే డబ్ల్యూ పడుతుంది. విడివిడిగా చెప్పండి. సున్నాను కూడా 'ఓ' అనకుండా 'జీరో' అనండి. ఐఎఫ్ఎస్‌సీ కోడులో పదకొండు ఉంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. పాన్‌లో మొదటి ఐదూ అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర అక్షరం. స్థానం తెలిస్తే అనుమానమే రాదు.

గూడూరు రమణి:
కంటైనర్ నంబరు చివరి అంకె తప్పు పట్టిస్తుందంటారే, దాన్ని నమ్ముకోవచ్చా?

చీమకుర్తి బ్లాక్:
పూర్తిగా నమ్మకూడదు మేడమ్. మొదట నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర సరిచూసే అంకె. అక్షరాలకు విలువలుంటాయి: ఏ 10, బీ 12, సీ 13... 11, 22, 33 వదిలేసి జెడ్ 38 దాకా. ఒక్కో స్థానాన్ని వరసగా 1, 2, 4, 8, 16 ఇట్టా రెట్టింపులతో హెచ్చవేసి, మొత్తం కలిపి, 11తో భాగిస్తే వచ్చే శేషమే ఆ అంకె. శేషం 10 వస్తే సున్నా వేస్తారు.

ఎమ్ 24, ఎన్ 25. తేడా ఒకటి కాబట్టి మారిస్తే దాదాపు ఎప్పుడూ పట్టుబడుతుంది. కానీ బీ 12, వీ 34. తేడా 22, పదకొండుకు గుణిజం. బీ బదులు వీ రాసినా చివరి అంకె అదే వస్తుంది! ఏ 10, కే 21 కూడా అంతే. చెవికి ఒకేలా తగిలే ఈ రెండు జతలనే లెక్క పట్టలేదు. అందుకని సరిపోయిందని వదిలేయకుండా ఏ, కే, బీ, వీ వచ్చినచోట "ఆల్ఫా, కిలో, బ్రావో, విక్టర్" అని నోటితో అనిపించుకోండి.

ఒంగోలు కర్నూలురోడ్డు:
ఆ మాటల పట్టిక విమానాల వాళ్లది, 1956 మార్చి 1 నుంచి వాడకంలో ఉంది. 26 మాటలూ ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి ఫోను పక్కన పెట్టండి. 'కే ఫర్ కావలి, జీ ఫర్ గిద్దలూరు' మనలో మనకు బాగానే ఉంటుంది, డబ్లిన్‌లో కూర్చున్న మనిషికి కావలి ఏ అక్షరంతో మొదలవుతుందో ఎట్టా తెలుస్తుంది?