ఈ90 320ఐని డ్రిఫ్ట్‌కి తయారు చేస్తున్నా: కాయిలోవర్లు ముందా, బుష్‌లు ముందా?

హన్మకొండ_320:
అందరికీ నమస్తే. నాది 2010 బీఎండబ్ల్యూ ఈ90 320ఐ, పెట్రోల్. ఆటోమేటిక్ గేర్‌బాక్సే, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టి నడుపుతున్నా. 1 లక్షా 10 వేల కిలోమీటర్లు తిరిగింది. సస్పెన్షన్ మొత్తం కంపెనీదే, ఒక్క ముక్క కూడా మార్చలేదు. నర్సంపేట దారిలో మా బావగారికి జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి సీజన్ అయిపోయాక ఆ కాంక్రీట్ యార్డు వానలు పడేదాకా ఖాళీ. ఆయన ఒప్పుకుని గేటు వేయించాకే ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించి డ్రిఫ్ట్ (వెనక చక్రాలు పక్కకి జారుతుండగా కారుని అదుపులో నడపడం) ప్రాక్టీస్ చేస్తున్నా.

ఇబ్బంది ఏంటంటే, ఎడమ నుంచి కుడికి తిప్పినప్పుడు బాడీ మొదట బాగా ఒరుగుతుంది. వెనకభాగం ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒకేసారి విసిరినట్టు వస్తుంది. ఆ క్షణంలో స్టీరింగ్ ఎంత తిప్పాలో అందడం లేదు. చేతిలో లక్షన్నర ఉంది. తెలిసిన షాపతను నేరుగా కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ల సెట్) వేసి కిందికి దించేద్దాం అంటున్నాడు. అవే ముందు వేయాలా, లేక బుష్‌లు (సస్పెన్షన్ జాయింట్లలో ఉండే రబ్బరు దిమ్మలు) చూసుకోవాలా? వేసి చూసినవాళ్లు చెప్పండి.

లేత్_పని:
తమ్ముడూ, డబ్బు ఎక్కడికీ పోదు, ముందు కారు లిఫ్ట్ మీదికి ఎక్కించు. ఈ90లో ముందు చక్రానికి కింద రెండు ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీలు) ఉంటాయి. అందులో ముందువైపుకి ఏటవాలుగా వెళ్లేదాని బుష్ లోపల ద్రవం ఉంటుంది. ఆ రబ్బరు పగిలితే ద్రవం కారిపోతుంది, ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుందా? అయితే అదే. టామీ రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూడు. వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక ఆర్మ్‌లు బిగించి ఉండే చట్రం) బుష్‌లు కూడా చూడు. వెనకభాగం ఆలస్యంగా వస్తోందంటే నాకు వాటిమీదే అనుమానం. బాడీ తిరిగిపోయాక సబ్‌ఫ్రేమ్ వెనకాల నింపాదిగా వస్తుంది, అప్పుడే నువ్వు చెప్పిన ఆ విసురు.

బుష్‌లు అరిగిన కారుకి ఎంత ఖరీదైన కాయిలోవర్ వేసినా అలైన్‌మెంట్ నిలవదు. మెషిన్ మీద ఒక లెక్క, యార్డులో ఇంకో లెక్క.

ఖని_బొగ్గు:
నాది ఈ46 (ఈ90కి ముందు తరం బీఎండబ్ల్యూ), గోదావరిఖనిలో ఉంటా. నేను చేసిన తప్పు చెబుతా, నువ్వు చేయకు. ఎంత గట్టి స్ప్రింగ్ అయితే అంత మంచిదనుకుని ముందు చక్రాలకి 12 కిలోలవి వేశా, అంటే మిల్లీమీటరు కుదించడానికి 12 కిలోల బరువు కావాలి. బొగ్గు టిప్పర్లు తిరిగి గాడులు పడ్డ మా రోడ్ల మీద నడుం విరిగింది, అది వేరే సంగతి. అసలు నష్టం డ్రిఫ్ట్‌లో. చిన్న ఎత్తుపల్లం రాగానే ముందు టైరు నేలని వదిలేది. కౌంటర్ స్టీరింగ్ (వెనకభాగం జారే వైపుకే స్టీరింగ్ తిప్పడం) పట్టి ఉంటే కారు తిన్నగా పోయేది. 8కి దించాక ముందుభాగం మాట వినడం మొదలుపెట్టింది. కాంక్రీట్ యార్డంటే పలకల మధ్య అతుకులు ఉంటాయి కదా, నీకు కూడా అంత గట్టివి వద్దు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ46లో, నీ ఈ90లో కూడా వెనక స్ప్రింగ్, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) వేరువేరుగా ఉంటాయి. స్ప్రింగ్ చక్రం దగ్గర కాకుండా లోపలికి, ఆర్మ్ మీద కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగ్ 6 మాత్రమే కుదించుకుంటుందనుకో. అప్పుడు 0.6ని 0.6తో గుణించాలి, 0.36 వస్తుంది. 10 కిలోల స్ప్రింగ్ చక్రం దగ్గర 3.6 కిలోలే. అందుకే ముందు 8, వెనక 10 అని డబ్బా మీద చూసి వెనక గట్టిగా ఉందనుకోకు. కొన్ని కంపెనీలు పౌండ్లలో రాస్తాయి: మిల్లీమీటరుకి 1 కిలో అంటే అంగుళానికి సుమారు 56 పౌండ్లు.

కరీంనగర్_కుర్రాడు:
అన్నా, మా దగ్గర ఒకతను గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగ్ ఒకటిన్నర చుట్టు కోసి దించేస్తా అంటున్నాడు, చవకగా అయిపోతుంది. అలా చేయొచ్చా? ఇంకోటి, నా దగ్గర స్విఫ్ట్ ఉంది, ఇంట్లో పాత ఓమ్నీ కూడా ఉంది. దేనితో నేర్చుకోవచ్చు?

లేత్_పని:
కోయించకు తమ్మీ. మంట తగిలిన చోట స్ప్రింగ్ ఉక్కు గట్టిదనం పోతుంది, అక్కడే విరగొచ్చు. కోసిన అంచు సీటులో సరిగ్గా కూర్చోదు. కారు జాకీ మీదికి లేచినప్పుడు స్ప్రింగ్ వదులై పక్కకి జరుగుతుంది. ఇక డ్యాంపర్ పొడవు పాతదే కాబట్టి కుదించడానికి చోటు తగ్గి, ఊరికే బంప్ స్టాప్‌కి (చివర్లో అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి) కొడుతుంది. డ్రిఫ్ట్‌లో బంప్ స్టాప్ తగిలిందంటే ఆ మూల ఒక్కసారిగా రాయిలా అవుతుంది, గ్రిప్ పోతుంది, కారు గిర్రున తిరుగుతుంది.

ఓమ్నీకి వెనక చక్రాలే తిరుగుతాయి, నిజమే. కానీ ఇంజిన్ సీటు కింద, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. పక్కకి జారుతూ ఏ రాయికో తగిలితే బోల్తానే. దాంతో ఆడకు, ఇది పెద్దన్నగా చెబుతున్నా. స్విఫ్ట్‌లో హ్యాండ్ బ్రేక్ లాగితే వెనక జారుతుంది కానీ యాక్సిలరేటర్‌తో ఆ జారుడుని పట్టి ఉంచలేవు, డ్రిఫ్ట్ అంటే అసలు అదే కదా.

ఎనుమాముల_వీల్:
నేను అలైన్‌మెంట్ పని చేస్తా కాబట్టి అంతవరకే మాట్లాడతా. ముందు చక్రాలకి నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండడం) ఎందుకు ఎక్కువ పెడతారో చాలామందికి తెలియదు, స్టైల్ అనుకుంటారు. ఎడమ మలుపులో డ్రిఫ్ట్ చేస్తున్నావనుకో. బరువంతా కుడి ముందు చక్రం మీద. కానీ స్టీరింగ్ కుడికి తిప్పి ఉంది. అలా తిప్పినప్పుడు క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉండడం) వల్ల ఆ కుడి చక్రం తల బయటికి వాలుతుంది. ముందే లోపలికి వాల్చి ఉంచితేనే ఆ సమయానికి టైరు నేలమీద పరుచుకుంటుంది. ప్రాక్టీస్ కారుకి మైనస్ 3 డిగ్రీల దగ్గర మొదలుపెట్టు. కంపెనీ స్ట్రట్‌తో (ముందు చక్రం దగ్గర స్ప్రింగ్, డ్యాంపర్ కలిసి ఉండే నిలువు భాగంతో) అంత రాదు, పైన క్యాంబర్ ప్లేట్ కావాలి.

వెనక మాత్రం మైనస్ 1 దాటించకు. తోసేది ఆ టైర్లే, పూర్తి వెడల్పు నేలకి తగలాలి. వెనక టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు తిరిగి ఉండే కోణం) కొంచెం లోపలికి, ముందు సున్నా. క్యాస్టర్ ఎక్కువైతే స్టీరింగ్ వదలగానే తనంతట తనే తిరిగి వస్తుంది. కొత్తలో చేతులు భయపడతాయి, తర్వాత అదే లేకుండా నడపలేవు.

మరీ కిందికి దించకు. స్ట్రట్ కారుని దించితే కింది ఆర్మ్‌లు పైకి లేచినట్టు అవుతాయి, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువ దిగిపోతుంది. ఒరగడం తగ్గాలని దించితే ఒరిగే గుణం ఇంకా పెరుగుతుంది. 25, 30 మిల్లీమీటర్లు చాలు.

హన్మకొండ_320:
లేత్ అన్నా, మీరు చెప్పినట్టే చేశా. రాడ్ పెట్టి కొంచెం లేపగానే ఎడమవైపు బుష్ నోరు తెరిచింది. లోపల చుట్టూతా చీలిక, ఆర్మ్ మీద నల్లటి జిడ్డు కారి దుమ్ము పట్టి గట్టిపడింది. వేలు పెట్టి గీరితే పెచ్చులా ఊడొచ్చింది. కుడివైపు కాస్త నయం. సబ్‌ఫ్రేమ్ వెనక బుష్‌లు రెండూ పోయాయి. మొన్నటిదాకా స్ప్రింగ్‌లనే తిట్టుకున్నా.

ఒక అనుమానం: బుష్‌లకి పాలీయూరిథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటిది) వేయాలా, రబ్బరే వేయాలా?

లేత్_పని:
ఇదే కారులో ఆఫీసుకీ పోతున్నావా? అయితే ముందు ఆర్మ్‌లకి కొత్త రబ్బరు, సబ్‌ఫ్రేమ్‌కి పాలీ. పాలీకి సిలికాన్ గ్రీజు బాగా పట్టించు, లేకపోతే కిర్రుకిర్రుమని ప్రాణం తీస్తుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకో: రబ్బరు బుష్ బోల్టులు కారు గాలిలో వేలాడుతుండగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడి, కారు నిలబడే ఎత్తులో ఉన్నప్పుడే ఫైనల్ టైట్. గాలిలో బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఒక గ్యారేజీ వాళ్లు నా సొంత కారుకే అలా చేశారు, రెండు నెలలకే చిరిగిపోయాయి. అప్పటినుంచి ఎవరికీ ఇవ్వను, నేనే బిగిస్తా.

ఖని_బొగ్గు:
కాయిలోవర్ కొనేటప్పుడు ఎత్తుతో పాటు డ్యాంపింగ్ (ఊగడాన్ని ఆపే పట్టు) కూడా మార్చుకోగలిగేది చూడు. నువ్వు చెప్పిన ఆ విసురుకి వెనక రీబౌండ్ (కుదించుకున్న డ్యాంపర్ తిరిగి సాగేటప్పుడు ఉండే పట్టు) రెండు మూడు క్లిక్కులు అటూ ఇటూ మార్చితేనే తేడా తెలుస్తుంది. ఒకసారికి ఒకటే మార్చు, పుస్తకంలో రాసుకో. వీలైతే మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే డ్యాంపర్) తీసుకో. మన ఎండల్లో ఆయిల్ వేడెక్కి నురగ వస్తే డ్యాంపర్ ఉన్నా లేనట్టే. సెకండ్ హ్యాండ్ సెట్ మాత్రం ఫొటో చూసి కొనకు. నేను కొన్నది పార్సిల్ విప్పేసరికి ఒక రాడ్ మీద ఆయిల్ తడి, సీల్ పోయింది.

ఎనుమాముల_వీల్:
కొత్తగా చదివే పిల్లల కోసం ఒక మాట. మామునూరు పాత ఎయిర్‌పోర్టు రన్‌వే ఖాళీగా ఉంది కదా, ములుగు రోడ్డు రాత్రి ఖాళీ కదా అని అడుగుతుంటారు. వద్దు. రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎదురుగా వచ్చే బండి మీద ఎవరి అమ్మానాన్నలు ఉంటారో తెలియదు. ఈ తమ్ముడిలా యజమాని ఒప్పుకుని, గేటు వేసిన చోట చేయండి.

హన్మకొండ_320:
బుష్‌లు పడ్డాయి, స్ప్రింగ్‌లు ఇంకా పాతవే. నిన్న పొద్దున యార్డులో అరగంట నడిపా. ఒరగడం అలాగే ఉంది కానీ ఆ ఒక్క క్షణం ఆగడం పోయింది. కాలు వదలగానే వెనకభాగం వెంటనే కదులుతోంది, నా చేతులకి ముందే తెలుస్తోంది. వరుసగా నాలుగుసార్లు ఎడమ, కుడి కలిపా. బావ మెట్ల మీద కూర్చుని చూస్తూ లేచి నిలబడ్డాడు! పనికి, సామానుకి కలిపి 38 వేలు అయ్యాయి. మిగిలినదాంతో ముందు చక్రాలకి 8 కిలోల స్ప్రింగ్‌తో కాయిలోవర్, క్యాంబర్ ప్లేట్లు ఆర్డర్ పెట్టా. అవి వచ్చాక బిగించేది ఇంటి దగ్గరే. లేత్ అన్నా, వీలైతే ఆ ఆదివారం రాగలరా?

లేత్_పని:
వస్తా. టార్క్ రెంచ్ నేను తెస్తా. నువ్వు నాలుగు చక్రాల కిందా పెట్టడానికి సమానంగా కోసిన చెక్క దిమ్మలు రెడీ చెయ్యి, బోల్టులు కారు బరువు మీదే బిగిద్దాం.