మైక్రోసాఫ్ట్ అమ్మకాలు 2009లో ఎందుకు పడ్డాయి? పైరసీ వల్లేనా?

మిర్చియార్డు_ఎంబీఏ:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఎంబీఏ చదువుతున్నాను. మార్కెట్ మొత్తం చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అమ్మకాలు ఎందుకు తగ్గుతాయి అనేది నా సెమినార్ టాపిక్. మైక్రోసాఫ్ట్‌ని తీసుకున్నాను. 2009 జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల్లో వాళ్ళ ఆదాయం అంతకు ముందు ఏడాది కంటే 6 శాతం తగ్గి 1,365 కోట్ల డాలర్లకు దిగింది. 1986లో షేర్లు అమ్మకానికి పెట్టాక అలా తగ్గడం అదే మొదటిసారి అట. జూన్‌తో ముగిసిన ఏడాది మొత్తం లెక్క చూసినా 6,042 కోట్ల నుంచి 5,844 కోట్లకు వచ్చింది. అప్పటికి ఏ కంప్యూటర్ చూసినా విండోసే కదా, మరి ఆ డబ్బు ఎవరు తన్నుకుపోయినట్టు? మా గైడ్ సార్ "ఏముందమ్మా, పైరసీ అని రాసెయ్" అంటున్నారు. నాకెందుకో మనసొప్పట్లేదు. అప్పట్లో ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్, నేనప్పుడు ఎల్‌కేజీ.

గవర్నర్‌పేట_హార్డ్‌వేర్:
పైరసీ అని మాత్రం రాయకు తల్లీ. 2004లో నేను బెజవాడలో సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇచ్చేవాణ్ణి, డబ్బు కట్టి విండోస్ తీసుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ ఏళ్ళన్నీ ఆ కంపెనీ ఆదాయం పెరుగుతూనే ఉంది. ఎప్పుడూ ఉన్న జబ్బే కారణమైతే జ్వరం ఆ ఏడాదే ఎందుకొచ్చిందో మీ సార్‌ని అడుగు.

విండోస్‌ని విడిగా అట్టపెట్టెలో కొనుక్కునేవాళ్ళు చాలా తక్కువ. ఎక్కువగా కొత్త మెషిన్‌తో పాటే వస్తుంది, దాని లైసెన్స్ డబ్బు మెషిన్ తయారుచేసేవాడు కడతాడు. కాబట్టి జనం కంప్యూటర్లు కొనడం ఆపితే ఇదీ ఆగుతుంది, పెళ్ళిళ్ళు లేకపోతే శుభలేఖలు ఆగినట్టు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీశాక అన్ని దేశాల్లోనూ ఆఫీసులు "పాతవాటితోనే ఇంకో ఏడాది లాగించండి" అనేశాయి. మొదటి దెబ్బ అది.

రెండోది విస్టా, అంటే ఎక్స్‌పీ అనే పాత విండోస్ తర్వాత దింపిన కొత్త విండోస్. 2007 జనవరిలో మార్కెట్‌లోకి వచ్చింది, అది సరిగ్గా నడవాలంటే 1 జీబీ ర్యామ్ కావాలి. అప్పుడు నా షాపులో కదిలేవి ఎక్కువగా 512 ఎంబీ సిస్టమ్‌లే. డబ్బు పెట్టి ర్యామ్ పెంచుకోమంటే "ఎందుకన్నా, ఎక్స్‌పీ వేసి ఇచ్చెయ్" అనేవాళ్ళు. ఇక మూడోది చాలామంది మర్చిపోయారు, ఆ బుల్లి లాప్‌టాప్‌లు, నెట్‌బుక్‌లు. 2007 చివర్లో ఆసుస్ వాడు ఈపీసీ అని లినక్స్‌తో (విండోస్‌కి బదులు ఉచితంగా దొరికేది) దింపాడు. వాటిలో విస్టా పట్టదు. దాంతో 2008 జూన్ 30కి ఎక్స్‌పీ అమ్మకం ఆపేస్తాం అన్న మైక్రోసాఫ్టే, వీటికి మాత్రం చవగ్గా ఎక్స్‌పీ ఇస్తూ పోయింది. లినక్స్‌ని అడ్డుకుంది నిజమే, కానీ ఒక్కో మెషిన్ మీద చేతికొచ్చే డబ్బు పడిపోయింది. అమ్మినవి ఎన్ని, వచ్చింది ఎంత అన్నది విడివిడిగా చూడు.

2009_బ్యాచ్_బాధితుడు:
ఆ ఏడాది గురించి మాకు చెప్పాలా! జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని సత్యం కంప్యూటర్స్ రాజుగారు రాసిన ఉత్తరం బయటపడింది, అదే నెలలో మైక్రోసాఫ్ట్ 5,000 మందిని తీసేస్తామంది. నాకు ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ (పేరెందుకులెండి) జాయినింగ్ డేట్ పది నెలలు జరిపింది. అప్పుడు మా ఇంట్లో కొత్త కంప్యూటర్ ఊసెత్తితే నాన్న చూసే చూపు వేరు.

డీటీపీ_బాబాయ్:
హార్డ్‌వేర్ అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటా. కానీ నన్నడిగితే ఆ కంపెనీకి అసలు పోటీ వాళ్ళ పాత సరుకే. మిక్సీ అయితే నాలుగేళ్ళకి మోటారు కాలుతుంది, చెప్పులైతే అరుగుతాయి, మళ్ళీ షాపుకెళ్తాం. ఎక్స్‌పీ అరగదే! బ్రాడీపేటలో మా షాపుకొచ్చి చూడు, వెనక టేబుల్ మీద ఎక్స్‌పీ సిస్టమ్ ఇవాళ్టికీ నడుస్తోంది. అందులో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, అనూ తెలుగు ఫాంట్లు, ఇరవై ఏళ్ళ శుభలేఖల ఫైళ్ళు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకోటి రాలేదు. మా ఆపరేటర్ పద్మక్క కళ్ళు మూసుకుని కొడుతుంది. అదే ఫైల్‌ని కొత్తదాంట్లో తెరిచామంటే ఒత్తులన్నీ ఒక మూలకి, కొమ్ములన్నీ ఇంకో మూలకి పోతాయి. పెళ్ళికూతురి ఇంటిపేరు తేడా వస్తే వాళ్ళతో ఎవరు పడతారు? కంపెనీ 2014 ఏప్రిల్ 8 నుంచి ఎక్స్‌పీకి సపోర్ట్ లేదంది. నెట్ వైరు పీకేశాం, అంతే.

పటమట_ఆడిటర్:
కొంచెం ఆగండి. ఒక్క ఏడాది అంకె పట్టుకుని "పడిపోయింది" అంటే ఎలా? 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది, తర్వాతి జూన్‌కి ఆదాయం 6,248 కోట్లు, అంటే పడకముందు కంటే ఎక్కువే. బాబాయ్ చెప్పిన పాత సరుకు సిద్ధాంతం బాగానే ఉంది గానీ అదొక్కటే నిజమైతే ఆ లేవడం ఎక్కడిది? కొనడం వాయిదా వేసుకున్నవాళ్ళంతా ఒక్కసారి కొన్నారు. వాయిదా పడిన గిరాకీ, పోయిన గిరాకీ ఒకటి కావు.

ఇంకో తమాషా చూడమ్మా. ఫోటోషాప్ తయారుచేసే అడోబ్ కంపెనీ ఆదాయం 2012లో 440 కోట్ల డాలర్లు, 2013లో 405 కోట్లు. అక్కడ మాంద్యమూ లేదు, కొనేవాళ్ళూ తగ్గలేదు. కావాలనే తగ్గించుకున్నారు. కొత్త వెర్షన్లు ఇక పెట్టెలో అమ్మం, నెలనెలా అద్దె కట్టండి అని 2013 మే నెలలో ప్రకటించారు. ఇల్లు అమ్మితే డబ్బంతా ఒకేసారి వస్తుంది, అద్దెకిస్తే ఈ ఏడాది పుస్తకాల్లో కాస్తే కనిపిస్తుంది. క్లయింట్ల పుస్తకాల్లో నేను రోజూ చూసేదే.

డీటీపీ_బాబాయ్:
ఆడిటర్ గారూ, మీరే నా పాయింట్ చెప్పారు కదండీ. అమ్మింది అరగదు కాబట్టే అద్దెకి దిగారు.

పటమట_ఆడిటర్:
సరే, అది ఒప్పుకుంటా. 2009 మాత్రం మాంద్యమే ఎక్కువ, విస్టా తర్వాతే.

మిర్చియార్డు_ఎంబీఏ:
చాలా థ్యాంక్స్ అందరికీ. పైరసీ పేరా తీసేశాను, సార్‌కి 2004 సంగతి చెబితే ఏమీ మాట్లాడలేదు. బాబాయ్ గారూ, మీ ఎక్స్‌పీ సిస్టమ్ ఫోటో తీసుకోవచ్చా? స్లైడ్‌లో పెడతాను.

డీటీపీ_బాబాయ్:
రామ్మా. పొద్దున పదిలోపు వస్తే ఖాళీగా ఉంటాం, ముహూర్తాల సీజన్ కదా. ఆన్ చేశాక తెర రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, టీ తాగుతూ కూర్చో. మౌస్ మాత్రం కదపకు, పద్మక్క ఊరుకోదు.