పిల్లల గోడపత్రికలో తెల్లపులి వేయాలా, వద్దా?

సైన్స్ టీచరమ్మ: జూలై 29 పులుల దినోత్సవానికి మా ఆరో తరగతి పిల్లలు గోడపత్రిక వేస్తున్నారు. పులి చారలు వెంట్రుకల మీదే కాదు, కింద చర్మం మీదా ఉంటాయని, ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని, చెవుల వెనక తెల్లమచ్చలుంటాయని బాగానే రాశారు. మధ్యలో పెద్ద బొమ్మ మాత్రం తెల్లపులిదే కావాలట. వేయమంటారా?

అడవిపిచ్చోడు: వద్దు మేడమ్. అది వేరే జాతి కాదు, మంచుకొండల పులీ కాదు. మామూలు బెంగాల్ పులే. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒక అరుదైన జన్యువు వస్తేనే తెల్లగా పుడుతుంది. 1951లో రేవా మహారాజు ఒక తెల్లపిల్లను పట్టించి మోహన్ అని పేరు పెట్టాడు. మామూలు ఆడపులితో జతకడితే పుట్టినవన్నీ పసుపు పిల్లలే. వాటిలో ఒకటైన రాధతో, అంటే సొంత కూతురితోనే, కలిపాక 1958లో తెల్లపిల్లలు పుట్టాయి. జూల్లో ఉన్న తెల్లపులులు చాలావరకు ఆ వంశమే. రంగు కోసం అయినవాళ్లతోనే జతకట్టించారు. చాలావాటికి మెల్లకన్ను కూడా.

రిటైర్డ్ జువాలజీ: మెల్లకన్నుకు కారణం దగ్గరి సంబంధం కాదు. ఆ తెల్లరంగుతో పాటే వచ్చే కంటి నరాల తేడా.

పాతబస్తీ నాన్న: మెల్లకన్ను మా బాబాయికీ ఉంది. ఆయన ఫొటో గోడకు తగిలించుకోకూడదా?

అడవిపిచ్చోడు: వెటకారం దేనికండీ? ఈ కథే మా అపార్ట్‌మెంట్ పిల్లలకు చెబితే, 'కూతురితో' అన్నానని ఒకావిడ నన్ను గ్రూపులోంచి తీసేసింది. పెద్దవాళ్లకు నిజం అక్కర్లేదు, సెల్ఫీ చాలు.

రిటైర్డ్ జువాలజీ: మెల్లకన్ను సంగతి ఎవరూ ఒప్పుకోలేదు.

పాతబస్తీ నాన్న: సెల్ఫీ అంటే నన్నేనా? మీరు తడోబా పులుల అడవికి వెళ్లి జీపెక్కి చూసొస్తారు. ఒక్క సఫారీకయ్యే డబ్బు మా ఇంటి నెల కిరాణా. మా పిల్లలకు నెహ్రూ జూయే అడవి. పోయిన వేసవిలో తెల్లపులి నీళ్లలోకి వెనక్కి వెనక్కి దిగి, మెడదాకా మునిగి కూర్చుంది. మా పాప కంచె దగ్గర నుంచి కదిలితే ఒట్టు. పులికి నీళ్లంటే ఇష్టమని ఇప్పటికీ కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. అది చూసిన సంబరం కూడా తప్పేనా మీకు?

అడవిపిచ్చోడు: పాప సంబరం తప్పని ఎవరన్నారు? ఆ సంబరం చూపించే కదా ఇన్నేళ్లూ వాటిని పుట్టించింది. పసుపు పులీ అలాగే నీళ్లలో కూర్చుంటుంది. అదీ జూలోనే ఉంది, టికెట్టూ అదే.

పాతబస్తీ నాన్న: అంటే బీదోడు చూసే పులి కూడా మీరు చెప్పిందే అయ్యుండాలి.

సైన్స్ టీచరమ్మ: కొట్లాడకండి. బొమ్మా వేసి, కింద మోహన్ కథా రాద్దామనుకుంటున్నా. ఆ 'కూతురు' ముక్క దగ్గరే టెన్షన్. తల్లిదండ్రులు స్కూలుకొచ్చి గొడవ చేస్తారేమో.

గేదెల రైతు: దాచడం దేనికి మేడమ్? మా ఊళ్లో గేదెలకు కట్టే దున్నపోతును కొన్నేళ్లకోసారి మారుస్తాం. ఎందుకో మా ఆరో తరగతి పిల్లల్ని అడగండి, వాళ్లే చెబుతారు.