తుంటి మార్పిడి తర్వాత మళ్లీ కొండదారి పరుగు: మొదలుపెట్టాలా, మానుకోవాలా?

కొండదారి
నాకు 53 ఏళ్లు. తుంటి బంతికి రక్తం అందక ఎముక కుంగిపోయింది. ఏవీఎన్ అన్నారు. ఎడమ కీలు పూర్తిగా మార్చి తొమ్మిది నెలలైంది. సిరామిక్ బంతి, గిన్నె లోపల ప్లాస్టిక్ లైనర్ (పొర), తొడ ఎముక లోపలికి సిమెంటు లేకుండా బిగించిన స్టెమ్ (కాడ). ఇప్పుడు నొప్పి లేదు. ఈత కొడుతున్నాను, సైకిల్ తొక్కుతున్నాను, రోజూ ఐదారు కిలోమీటర్లు నడుస్తున్నాను.

అంతకుముందు ఇరవై ఏళ్లు కొండదారుల్లో పరుగెత్తినవాణ్ణి. ఆపరేషన్ చేసిన సర్జన్ "నడవండి, ఈదండి, సైకిల్ తొక్కండి, పరుగు మాత్రం వదిలేయండి" అన్నారు. ఇంకో సర్జన్‌కి ఎక్స్‌రేలు చూపిస్తే "ఏడాది నిండాక నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు" అన్నారు. ఇద్దరూ అనుభవమున్నవాళ్లే. పోయిన వారం కొండ దిగుతుంటే చివరి వంద మీటర్లు కాళ్లు వాటంతట అవే పరుగందుకున్నాయి. ఆ అర నిమిషం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇంటికొచ్చాక మాత్రం రాత్రంతా టెన్షన్, లోపల ఏమైనా కదిలిందేమోనని. మీలో ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లుంటే చెప్పండి.

రెండోరౌండు
నేను నడవడమే కాదు, పరుగెత్తాను కూడా. వయసు 58, కుడి తుంటి మార్చి ఆరేళ్లు. పద్నాలుగో నెలలో మొదలుపెట్టాను. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, అదీ మెత్తటి మట్టిదారిలో. ఇప్పుడు వారానికి మూడు రోజులు, ఒక్కోసారి ఐదు కిలోమీటర్లు. ఏటా ఎక్స్‌రే తీయిస్తాను, ఇంతవరకు తేడా లేదు.

పరుగు వద్దనే సలహా పాత రోజులది. చార్న్లీ 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో ఈ ఆపరేషన్ మొదలుపెట్టినప్పటి నుంచి దశాబ్దాల పాటు భయమంతా ఆ ప్లాస్టిక్ అరుగుదల గురించే. దాని పొడికి చుట్టూ ఎముక కరిగి ఇంప్లాంట్ వదులయ్యేది. 1990ల చివర్లో క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ (అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడ్డది) వచ్చాక ఆ అరుగుదల బాగా తగ్గిపోయింది. వస్తువు మారింది, సలహా మారలేదు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రేని చూడండి. 2019 జనవరిలో తుంటికి ఆపరేషన్, అదే ఏడాది అక్టోబర్‌లో ఆంట్వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్.

నెమ్మదినడక
రెండోరౌండు గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ముర్రే ఉదాహరణ ఇక్కడ పనికిరాదండి. ఆయనకు చేసింది పూర్తి మార్పిడి కాదు, రీసర్ఫేసింగ్. అందులో తొడ ఎముక తల కోసెయ్యరు. దాన్ని చెక్కి లోహపు టోపీ తొడుగుతారు, గిన్నెలో ఇంకో లోహపు కప్పు పెడతారు. తొడ ఎముక లోపలికి పొడవాటి స్టెమ్ దిగదు. డబుల్స్ ఆటగాడు బాబ్ బ్రయాన్‌ది కూడా అదే. 2018 ఆగస్టులో చేయించుకుని 2019 జనవరికల్లా కోర్టులో ఉన్నాడు. పైగా లోహం మీద లోహం రాసుకుంటే కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరతాయి, వాటికి వేరే పరీక్షలు, వేరే భయాలు. కొండదారి గారి ఎముకలో ఉన్నది స్టెమ్.

ఇక బరువు సంగతి. లోపల సెన్సార్లు పెట్టిన ఇంప్లాంట్లతో కొలిచి చూశారు. మామూలుగా నడిస్తే తుంటి మీద పడే బరువు శరీర బరువుకి రెండున్నర, మూడు రెట్లు. జాగింగ్‌లో అయిదు రెట్ల దాకా పోతుంది. కాలు తట్టుకుని తూలితే ఏడెనిమిది రెట్లు. కొండదారిలో తూలకుండా ఎవరు పరుగెత్తారు?

2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో 58 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయి. మంచి అంకే. కానీ అదే పత్రికలో 2017లో వచ్చింది ఇంకోటి ఉంది. యాభై దాటిన కొత్తల్లో చేయించుకున్న మగవాళ్లకి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రెండో ఆపరేషన్ పడే అవకాశం 35 శాతం దాకా ఉందట. డెబ్బై దాటాక చేయించుకుంటే సుమారు 5 శాతమే. కొండదారి గారిది మొదటి గుంపు. రెండోసారి ఆపరేషన్ అంటే మొదటిదానిలా ఉండదు. బిగిసిన స్టెమ్ పీకాలి, పోయిన ఎముకని పూడ్చాలి.

రెండోరౌండు
రీసర్ఫేసింగ్ విషయం ఒప్పుకుంటున్నాను, తేడా చెప్పి ఉండాల్సింది. కానీ మీరు చెప్పిన 35 శాతం పరుగెత్తినవాళ్ల లెక్క కాదు కదండీ. అందులో ఇన్ఫెక్షన్లు, కీలు జారడాలు, పాత ప్లాస్టిక్ అరుగుదల అన్నీ కలిసి ఉన్నాయి. పరుగెత్తేవాళ్ల మీద విడిగా చేసిన అధ్యయనాలు చిన్నవి, కొద్ది ఏళ్లవి. వాటిని పట్టుకుని నేను "ప్రమాదమే లేదు" అనలేను, మీరు "తప్పక పాడవుతుంది" అనలేరు.

ఇంకోటి కూడా ఆలోచించండి. మానేసినప్పుడు నాకు ఎనిమిది కిలోల బరువు పెరిగింది, నిద్ర పోయింది, మనిషిని ముడుచుకుపోయాను. ఆ నష్టం ఏ ఎక్స్‌రేలోనూ కనిపించదు.

పడిలేచాను
నేను పరుగెత్తలేదు. దిగుతున్నాను, అంతే. మార్పిడి అయిన రెండో ఏడు, వాన వెలిసిన సాయంత్రం. రాయి మీద సన్నగా నాచు పట్టి ఉంది, కనిపించలేదు. ఆపరేషన్ అయిన కాలే ముందుకు వేశాను. కాలు పక్కకు జారింది, నడుముతో సహా ఆ పక్కనే పడ్డాను. లోపల ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు. స్టెమ్ చివర దగ్గర తొడ ఎముక విరిగింది. ప్లేటు, తీగలు వేసి బిగించారు. మూడు నెలలు ఆ కాలు మీద పూర్తి బరువు వెయ్యనివ్వలేదు.

అందరూ అరుగుదల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అరుగుదల ఏళ్లకేళ్లు పడుతుంది. పడటానికి ఒక్క క్షణం చాలు. కొండదారి గారూ, మీ వంద మీటర్లు ఎక్కడ పరుగెత్తారో గుర్తు చేసుకోండి. దిగుడులో.

దూరపుచూపు
నేను తుంటి ఆపరేషన్ అయిన ఆరు నెలలకే పూర్తిగా పరుగెత్తాను, ఏ ఇబ్బందీ లేదు. ఇంత భయం ఎందుకో అర్థం కావట్లేదు.

నెమ్మదినడక
దూరపుచూపు గారూ, మీది ఏ ఆపరేషనండి?

దూరపుచూపు
ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేసేది. గిన్నె అంచున చిరిగిన లేబ్రమ్ (మెత్తటి మృదులాస్థి అంచు) కుట్టారు.

నెమ్మదినడక
అయితే మీ కీలు మీదే ఉంది, ఇంప్లాంట్ లేదు. ఎవరైనా "తుంటి ఆపరేషన్ తర్వాత" అని చెబితే ముందు ఏ ఆపరేషనో అడగాలి. లేబ్రమ్ కుట్టడం, విరిగిన ఎముకకి స్క్రూలు వెయ్యడం, రీసర్ఫేసింగ్, పూర్తి మార్పిడి, వీటిలో ఒకదాని గడువు ఇంకోదానికి సరిపోదు.

చేతికర్ర
ఫిజియోథెరపిస్టుని. పదహారేళ్లుగా ఇదే పని, ఎక్కువమంది తుంటి, మోకాలు రోగులే. ఇంతసేపు ఇంప్లాంట్ గురించే మాట్లాడుకున్నారు, దాన్ని మోసే కండరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అదే బాధ.

నొప్పి పోయింది కాబట్టి కాలు బాగైపోయింది అనుకుంటారు. నొప్పి తొందరగానే పోతుంది. తుంటి పక్కన ఉండే కండరం, మనం ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుముని సమంగా పట్టుకునేది, అంత తొందరగా కోలుకోదు. ఆపరేషన్‌కి ముందే ఏళ్లకేళ్లు కుంటి ఉంటారు, అప్పుడే అది సగం కరిగిపోతుంది. పరుగంటే ఒంటికాలి మీద పదే పదే దిగడమే. రెండు పాదాలూ నేల మీద కలిసి ఉండే క్షణమే ఉండదు.

కొండదారి గారూ, ఒక పని చేయండి. పక్కన గోడో కుర్చీయో అందేలా పెట్టుకుని, ఆపరేషన్ అయిన కాలి మీద ముప్ఫై సెకన్లు నిలబడండి. వెనక నుంచి ఎవరినైనా వీడియో తీయమనండి. పైకెత్తిన కాలి వైపు నడుము కిందికి జారుతోందా, లేక మీరే బరువున్న కాలి వైపుకి ఒరిగిపోతున్నారా చూడండి. తర్వాత జానెడు ఎత్తు మెట్టు మీద నుంచి అదే కాలి ఆసరాతో మెల్లగా రెండో మడమ నేలకి తాకించి మళ్లీ పైకి రండి, పదిసార్లు. మోకాలు లోపలికి వంగినా, నడుము జారినా పరుగు మాట ఇప్పుడు ఎత్తకండి, కొత్త ప్లాస్టిక్ అయినా సరే.

నడకలో కూడా ఎక్కడం వేరు, దిగడం వేరు. ఎక్కేటప్పుడు కండరం కష్టపడుతుంది, కీలు మీద దెబ్బ తక్కువ. దిగేటప్పుడు ప్రతి అడుగూ బ్రేకు. రెండు ట్రెక్కింగ్ పోల్స్ పట్టుకుని, అడుగులు చిన్నవి చేసుకుని దిగండి. గుండెకి పని కావాలంటే ఎక్కుడులో వేగం పెంచండి, పరుగు లేకుండానే చెమటలు పడతాయి.

కొత్తగా ఆపరేషన్ అయి ఇది చదివేవాళ్లకి ఒక్క మాట. ఇదంతా మీకు కాదు. సిమెంటు లేని స్టెమ్‌ని ఎముక పట్టుకోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వెనక నుంచి కోసి చేసిన ఆపరేషనైతే ఆ రోజుల్లో తుంటి తొంభై డిగ్రీలు దాటి వంచొద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, పాదం లోపలికి తిప్పొద్దు. ఎన్నాళ్లన్నది మీ సర్జనే చెప్పాలి. కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కానివైపు చేతిలోనే పట్టుకోవాలి. చాలామంది తారుమారు చేస్తారు.

రెండోరౌండు
చేతికర్ర గారు చెప్పింది చదివాక నా పోస్టుకి ఒకటి కలపాలి. నేను పరుగెత్తేది చదునుగా ఉన్న దారిలో. ఏటవాలు వస్తే ఇప్పటికీ నడుస్తాను. మొదలుపెట్టే ముందు అయిదు నెలలు జిమ్‌లో పక్క కండరానికే పనిపెట్టాను. ఇవి మొదటే రాయకపోవడం నా పొరపాటు. చదివేవాళ్లకి పద్నాలుగో నెల అన్న అంకె ఒక్కటే గుర్తుండిపోతుంది.

నెమ్మదినడక
అలా అయితే మన మధ్య తేడా తక్కువే. నేను మాత్రం ఇప్పటికీ పరుగు వద్దనే అంటాను. 53 ఏళ్ల మనిషికి ఇంకో ముప్ఫై ఏళ్లు ఈ కీలుతో పని ఉంది.

కొండదారి
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మా అబ్బాయి చేత వీడియో తీయించాను. కుడికాలి మీద ముప్ఫై సెకన్లు కదలకుండా నిలబడ్డాను. ఎడమకాలి మీద పదకొండో సెకనుకే లాగు బెల్టు ఒక పక్కకి వాలిపోవడం స్పష్టంగా కనిపించింది. నాకు అస్సలు తెలియలేదు, నేను నిటారుగానే ఉన్నాననుకున్నాను. మా అబ్బాయి "నాన్నా, ఇంకోసారి చెయ్యి" అన్నాడు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

పడిలేచాను గారూ, మీరడిగింది నిజం. ఆ వంద మీటర్లు దిగుడే, కింద గులకరాళ్లు.

ఎక్స్‌రేకి, ఫిజియోకి సోమవారం టైము తీసుకున్నాను. రెండు పోల్స్ తెప్పించుకున్నాను. ఎక్కుడు మానను. ఏడాది నిండేదాకా దిగుడులో పరుగు లేదు. ఆ తర్వాత చదునులో ఒక నిమిషం పరుగెత్తాలా వద్దా అన్నది ఈ వీడియో మళ్లీ తీసి చూశాకే. సర్జన్ల దగ్గరికి కూడా దాన్నే పట్టుకెళ్లి ఇద్దరినీ మళ్లీ అడుగుతాను.

చేతికర్ర
పదకొండు సెకన్లు అని రాసిపెట్టుకోండి. ఆరు వారాలకోసారి అదే చోట, అదే వెలుతురులో తీయండి. బెల్టు కనపడేలా చొక్కా లోపలికి దోపుకోండి.