ఫ్రీ గేమే అంటాడు, మళ్ళీ ప్రతి సీజన్‌కీ డబ్బులు ఎందుకు?

కావలి_కుర్రోడు:
మా తమ్ముడు డిగ్రీ, నెల్లూరుకి రోజూ ట్రైన్‌లో పోయొస్తాడు, ఆ గంటన్నర కూడా ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట తప్ప ఇంకో లోకం లేదు. గేమ్ ఫ్రీ అంటాడు, మళ్ళీ సీజన్ మారితే పాస్ కొనాలంటాడు, అదుంటే ఆడేకొద్దీ బహుమతులొస్తాయంట, మొన్నైతే తుపాకీ స్కిన్ కోసం డబ్బు కట్టి క్రేట్లు, అదే లోపల ఏముందో తెలీని పెట్టెలు, తెరిచానని మెల్లిగా చెప్పాడు. తుపాకీ అదేనంట, రంగు మాత్రమే మారుద్దంట. దీనికి అంత డబ్బు పెట్టే వాళ్ళుంటారా అసలు? మొత్తం ఆపించాలా, పాస్ వరకు పోనీలే అనుకోవాలా?

ఒంగోలు_టాపప్:
ఉంటారు తమ్ముడూ. నాది మొబైల్ షాపు, సాయంత్రం ట్యూషన్ వదలగానే నలుగురు పిల్లలు చిల్లర పోగేసుకొచ్చి ప్లే స్టోర్ రీడీమ్ కోడ్ కొని ఒకడి ఐడీకి వేయించుకుంటారు, మర్నాడు ఆ నలుగురికీ గొడవ. కానీ కంపెనీని బతికించేది వీళ్ళు కాదు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది రూపాయి కూడా పెట్టరు, పెట్టే కొద్దిమందే వేలకు వేలు పోస్తారు. మరి పెట్టనోళ్ళని ఎందుకు ఉంచుకుంటారంటే, మ్యాచ్‌కి వందమంది కావాలి కదా, స్కిన్ వేసుకున్నోడిని చూసేవాళ్ళు లేకపోతే వాడు మాత్రం ఎందుకు కొంటాడు.

దర్శి_బాబాయ్:
పాస్‌నీ క్రేట్‌నీ ఒక గాటన కట్టొద్దు అబ్బయ్యా. పాస్‌లో ఎంత కడితే ఏమొస్తుందో ముందే కనపడుద్ది. క్రేట్ అట్టా కాదు, తిరునాళ్ళలో రింగులు విసిరే అంగడి అది, గోడ గడియారం ఎదురుగా ఉంటది, చేతికొచ్చేది సబ్బు బిళ్ళ. గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఇంకో గేమ్‌నే తీసుకో, అందులో లాటరీ లాగినట్టు 90 సార్లు లాగితే ఫైవ్ స్టార్, అంటే అరుదైన క్యారెక్టర్, గ్యారంటీ, కానీ అది నీకు కావాల్సిన క్యారెక్టరే అవ్వాలని లేదు, సగం ఛాన్సే. అదృష్టం బొత్తిగా లేకపోతే 180 దాకా పోవాల. ఒక్కోసారి లాగడానికి 160 ప్రిమోజెమ్స్, అంటే ఆ గేమ్‌లో చెల్లే డబ్బు, మొత్తం 28,800. ఇది రూపాయల్లో ఎంతో వెంటనే లెక్కకట్టగలవా? కట్టలేవు, అందుకే ఒక్కో గేమ్‌లో మధ్యలో ఆ జెమ్స్, యూసీలు, డైమండ్లు అని సొంత నాణేలు పెట్టేది. బెల్జియం 2018లోనే లూట్ బాక్సులు, అంటే ఇట్టాంటి క్రేట్లే, జూదం కిందకొస్తాయని తేల్చేసింది.

గూడూరు_పిల్ల:
బాబాయ్, పాస్ మంచిదంటే నేను ఒప్పుకోను. డబ్బు కట్టినంత మాత్రాన అందులోవి అన్నీ రావు, మిషన్లు చేసి లెవెల్స్ ఎక్కాలి, సీజన్ అయిపోతే మిగిలినవి పోయినట్టే. కట్టాం కదా అని పరీక్షల ముందు రోజు కూడా లాగిన్ అవుతారు. మా హాస్టల్లో ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి దుప్పట్లో దూరి, ఆట మీద ఇష్టం లేకపోయినా మిషన్ పూర్తి చేసేది. క్రేట్ డబ్బు తింటే ఇది టైమ్ తింటది, పైగా పాస్‌తో చెయ్యి అలవాటు పడ్డాకే క్రేట్ల దగ్గరికి పోతారు.

రైల్వేగేట్_రాజు:
ఆన్‌లైన్ గేమ్స్ మీద పోయినేడాది చట్టం వచ్చిందిగా, ఇవి ఇంకా ఎట్టా నడుస్తున్నాయి?

దర్శి_బాబాయ్:
2025 ఆగస్టు చట్టమా? అది డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటల మీద, రమ్మీ లాంటివి. ఇక్కడ స్కిన్ తప్ప తిరిగి డబ్బు రాదు, వేరే సంగతి.
గూడూరు అమ్మాయి చెప్పిన టైమ్ మాట మాత్రం నిజమే, నేను డబ్బు లెక్కే చూశా.

ఒంగోలు_టాపప్:
కావలి తమ్ముడూ, మొత్తం ఆపితే వేరే ఫోన్లో ఆడతాడు, ఎందుకొచ్చిన టెన్షన్. ముందు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు. పొరపాటున కొన్నది 48 గంటల్లోపు అయితే గూగుల్‌నే రిఫండ్ అడగొచ్చు, ఆ తర్వాతైతే గేమ్ కంపెనీ వాళ్ళ వెంట పడాల. బటన్లు తికమకగా పెట్టి జనం చేత కొనిపించారని ఫోర్ట్‌నైట్ అనే గేమ్ వాళ్ళ మీద అమెరికాలో కేసయ్యి, 2022లో 24.5 కోట్ల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకున్నారు, మనకి అంత సీన్ లేదు.

కావలి_కుర్రోడు:
ఇప్పుడే చూశా. ప్లే స్టోర్ అమ్మ జీమెయిల్ మీద ఉంది, పాస్‌వర్డ్ అడక్కుండా పెట్టుకున్నాడు వెధవ. మార్చేశా. పాస్ సంగతి ఈ సెమిస్టర్ అయ్యాక చూద్దామన్నా, మూతి ముడుచుకుని మేడ మీదకి పోయాడు.