బాబుకు ఆక్యుపేషనల్ థెరపీ అవసరమా? తిరుపతిలో ఎక్కడ?

లత (ఎం.ఆర్.పల్లి): సాయంత్రం నుంచి నెట్‌లో వెతికి వెతికి తల తిరిగిపోతోంది. మావాడికి పెన్సిల్ పట్టడం రాదు, పిడికిలి బిగించేస్తాడు. 'అ' రాయమంటే పేజీ నిండా గీతలే. ఓటీ, అదే ఆక్యుపేషనల్ థెరపీ, చేయించమని మిస్ డైరీలో రాసి పంపింది. ఎవరికి చూపించాలి? ఒకటే టెన్షన్.

పలమనేరు చిన్నప్ప: వయసెంత?

రేణిగుంట అన్న: అంతా సెల్‌ఫోన్ మహిమ! మా కాలంలో పిలకాయలు గోలీలాడేవాళ్లు, చింతగింజలు ఏరేవాళ్లు. వేళ్లకు బలం దానంతటదే వచ్చేది. ఫోన్ లాక్కోండి, రాగి సంగటి పెట్టండి.

లత: ఫోన్ మేమివ్వం అన్నా.

సుజాత: మా ఆడపడుచు ఫిజియో. రెండూ ఒకటే, ఆమెకు చూపించు.

చిన్నప్ప: ఒకటి కాదు. నడక, కండ బలం ఫిజియో. గుండీలు పెట్టుకోవడం, తినడం, రాయడం లాంటి రోజువారీ పనులు ఓటీ.

సుజాత: ఆమె రెండూ చేయిస్తుంది, నేను చూశాను కదా!

చిన్నప్ప: సరే. వయసు ఇంకా చెప్పలేదు.

లత: మొన్న ఉగాదికి మూడు నిండాయి.

భారతి (అంగన్‌వాడీ, చిత్తూరు): మూడేళ్లకే 'అ'నా! ఆ వయసులో పిడికిలి పట్టు మామూలే తల్లీ. చూసి సున్నా గీయడం మూడుకు, ప్లస్ గుర్తు నాలుగుకు, త్రిభుజం ఐదుకు అటూఇటుగా వస్తాయి. థెరపీ ఆ మిస్‌కే కావాలి. పెన్సిల్ పక్కనపెట్టు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడా? పెరుగన్నం చేతికంటితే గోల చేస్తాడా? మునివేళ్ల మీద నడుస్తాడా? ఎప్పుడూ ఒక్క చెయ్యే వాడతాడా? ఇదివరకు వచ్చిన మాటలు తగ్గాయా?

లత: మాటలు బాగానే ఉన్నాయి. మిక్సీ వేస్తే మాత్రం వాకిట్లోకి పరుగే. పెరుగన్నం ముట్టడు, నేనే తినిపిస్తా. మునివేళ్ల నడకా ఉంది. గారాబం అంటుంది మా అత్త.

భారతి: అయితే చూపించాల్సిందే, రాత కోసం కాదు, వీటి కోసం. ముందు పిల్లల డాక్టరు, చెవి పరీక్ష కూడా. రుయా ఆసుపత్రిలో పిల్లల ఓపీకి పోయి డీఈఐసీ గురించి అడుగు, పిల్లల ఎదుగుదలలో తేడాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం అది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం కిందివి, ఉచితం.

రేణిగుంట అన్న: 2022లో జిల్లా విడిపోయాక చిత్తూరోళ్లను అక్కడ చూస్తారా?

భారతి: ఆమెది తిరుపతే కదన్నా!

రేణిగుంట అన్న: మామూలుగా అడిగినా.

లత: థాంక్స్ అక్కా, సోమవారం పోతాం. ఓపీ ఎన్నింటికి?

చిన్నప్ప: పొద్దున్నే పో.